చెరకుతోటల నడుమ కాలిబాటలు

అమ్మోరు పండుగకు ముందు వచ్చే ఆదివారం మా పల్లెలో ఒక పని ఉండేది. తెల్లవారకముందే ఇంటికొకరు చొప్పున పార, గడ్డపార, చెరకు నరికే కత్తి పట్టుకొని పెద్ద మామిడిచెట్టు క్రింద చేరేవారు. అక్కడినుండి చెరకు నడుమగా, వాగు దాటి, పాత క్యాంపులోని అమ్మోరు గుడి వరకు మైలుకు కొంచెం తక్కువ దూరం కాలిబాట. ఏడాది పొడుగునా వాన కోసివేసిన గుంటలలో రాళ్ళు వేయడం, దారి మీదికి వాలిన చెరకును ప్రక్కకు కట్టడం, వాగులో అడుగురాళ్ళు కదిలి ఉంటే మళ్ళీ కుదర్చడం, ఇదీ పని. పది గంటల వేళకు ఆడవారు టీ, రొట్టెలు, టమాటా పచ్చడి తెచ్చేవారు. మధ్యాహ్నానికి పని ముగిసేది. ఎవరికీ కూలి లేదు. వచ్చినవారి పేర్లు ఎవరూ వ్రాసుకున్నదీ లేదు. కాని రాని ఇంటివారి పేరు మాత్రం పండుగ అయ్యేవరకు అందరికీ గుర్తుండేది.

మన పత్రికలలో పూర్వీకులు వచ్చిన ఓడలను గురించి, వారు కట్టిన మందిరాలను గురించి, పోగొట్టుకొన్న భాషను గురించి చాలా వ్రాసుకున్నాము. ఓడ దిగినవారు ఈ దీవిలో ఎక్కడెక్కడికి నడవగలిగారు, ఎక్కడికి నడవనివ్వలేదు అన్న సంగతి మాత్రం తక్కువగా వ్రాసుకున్నాము. దారిని గురించి వ్రాయడానికి ఏముంటుంది అనిపించడం సహజమే. ఆ దారి మూతపడిన నాడు గాని మాకూ దాని చరిత్ర అవసరపడలేదు.

మారిషస్‌లో మనవారిని చాలాకాలం కొరంగివారు అనేవారన్నది పాఠకులకు తెలిసినదే. గోదావరి నోటివద్ద ఉన్న కొరంగి రేవు పేరు మీద వచ్చిన మాట అది. కొరంగినుండి, విశాఖపట్నంనుండి, మద్రాసునుండి ఓడలెక్కినవారు విడిచివచ్చిన పల్లెలలో ఊరుమ్మడి దారులకు పేర్లుండేవి. పొలాల నడుమ బండ్లు, పశువులు పోయే దారిని గోదావరి జిల్లాలలో పుంత అంటారు. కృష్ణా, గుంటూరు వైపు డొంక అంటారు. సర్కారు లెక్కలలో అటువంటి భూమి పోరంబోకు, అనగా ఏ రైతు పట్టాలోను చేరనిది, శిస్తు లేనిది. పొలం ఎవరిదైనా పుంత మాత్రం ఊరిది. ప్రక్క రైతు ఏటికేడు గట్టును ఒక జానెడు ముందుకు జరుపుతాడు, పుంత ఇరుకవుతుంది, తగవు వస్తుంది, పెద్దలు వచ్చి కొలుస్తారు. తెలుగు పల్లెలలో ఈ తగవు ఈనాటికీ ఉన్నదే.

ఇక్కడ పుట్టిన మనకు పుంత, డొంక అన్న మాటలు నిలవలేదు. ఇప్పుడు మన పిల్లలు ‘తి సిమే’ అంటారు. క్రియోలులో చిన్నదారి అని అర్థం. ఆ మాటతో పేచీ లేదు. కాని ఊరిది అన్న అర్థం పుంత అనగానే వచ్చేది. తి సిమే అంటే రాదు.

ఊరివారంతా కలిసి ఊరిపని చేయడం కూడా మనవారు వెంట తెచ్చుకున్నదే. చెరువు గట్టు తెగినా, కాలువ పూడినా ఇంటికొక మనిషి వెళ్ళే ఆచారాన్ని కుడిమరామత్తు అనేవారు. మద్రాసు రాజధానికి 1858లో వచ్చిన ఒక చట్టం ఆ పనిని తప్పనిసరి చేసే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. ఈ ఆచారాన్ని మరీ బంగారుపూత పూసి చెప్పకూడదు. ఇంటికొకరు అన్న మాట వినడానికి బాగుంటుంది గాని, ఊరిలో క్రింది కులాలవారి ఇళ్ళనుండే ఎక్కువమంది వెళ్ళేవారు. పెద్ద రైతు గట్టుమీద గొడుగు పట్టుకొని నిలబడేవాడు. వెట్టికీ ఉమ్మడి పనికీ నడుమ గీత సన్నది. ఆ గీత ఎంత సన్నదో మనవారికి ఈ దీవికి వచ్చిన తరువాత ఇంకా బాగా తెలిసివచ్చింది.

ఇక్కడి తోటలలో ఆదివారం ఉదయం చేయించుకొనే కూలిలేని పనిని ‘కోర్వే’ అనేవారు. ఎడ్లకు గడ్డి కోయడం, వాకిళ్ళు ఊడ్చడం, తోట దారులు బాగుచేయడం వంటివి దాని క్రింద వచ్చేవి. ఒకరోజు పనికి రాకపోతే రెండురోజుల జీతం కోసే పద్ధతి కూడా ఉండేది. ఆదివారం నాడు పార పట్టుకొని దారికి మట్టి పోయడం మన ముత్తాతలకు కొత్తకాదు. దొర బండి నడిచే దారికి పోశారు. పాఠకులు దీనిని మనసులో ఉంచుకోవలెను. మా పల్లెలోని ఆదివారపు పని అదే పార, అదే రోజు, అదే మట్టి. తేడా ఒక్కటే, పొమ్మన్నవాడు ఎవడూ లేడు.

తాము మట్టిపోసిన దారి మీద తాము నడవడం మాత్రం నేరమయ్యే రోజులు వచ్చాయి. ఐదేళ్ళ ఒప్పందం ముగించుకొని స్వంత బ్రతుకు బ్రతుకుతున్నవారిని ఆనాడు పాత వలసదారులు అనేవారు. 1867 నాటి చట్టం వారి నడకకు సంకెల వేసింది. ప్రతివాడు తన ఛాయాచిత్రం అతికించిన టికెట్టు వెంట ఉంచుకోవలెను. పోలీసు పాసు కూడా ఉండవలెను. ఒక జిల్లాలో ఉండేవాడు మరొక జిల్లాకు అనుమతి లేకుండా పోరాదు. టికెట్టు ఇంటిదగ్గర మరచి చుట్టాన్ని చూడబోయినవాడు, మొక్కు తీర్చుకోబోయినవాడు దేశదిమ్మరి క్రింద పట్టుబడి ఠాణాకు చేరేవాడు. 1866 నుండి దీవిని పీడించిన మలేరియా వేలమందిని పొట్టన పెట్టుకొని ఇంకా సద్దుమణగని రోజులవి. తోటలో పనిలేదు, బయట నడిచే దారి లేదు.

1871లో అడోల్ఫ్ ద ప్లెవిట్స్ తయారుచేయించిన మహజరుమీద 9,401 మంది పాత వలసదారులు సంతకాలు చేశారు. అందులోని ఫిర్యాదులలో ఈ పాసుల బాధ ముఖ్యమైనది. దానిమీద విచారణకు రాజ సంఘం 1872లో వచ్చి, 1875లో నివేదిక ఇచ్చింది. 1878లో కార్మిక చట్టం మారింది. ఈ కథ మన పాఠశాల పుస్తకాలలో జీతాల కథగా, రేషను కథగా చెప్పబడుతున్నది. అది నిజమే. కాని అది నడక కథ కూడా. ఆ తొమ్మిది వేల పైచిలుకు మంది అడిగినవాటిలో ఒకటి, ఒక ఊరినుండి మరొక ఊరికి భయం లేకుండా నడిచిపోగలగడం.

తరువాతి కాలమే మన పల్లెలు పుట్టిన కాలం. 19వ శతాబ్దం నడుమ 1858లో ఈ దీవిలో 259 చక్కెర మిల్లులుండేవి. చక్కెర ధర పడిపోగా చిన్న తోటలు నిలబడలేక, మిల్లులు ఒకదానిలో ఒకటి కలిసి, పనికిరాని అంచుభూములను యజమానులు ముక్కలుచేసి అమ్మసాగారు. దానినే మోర్సెల్మాన్ అంటాము. ముఖ్యంగా 1880 మొదలు 1920 వరకు మనవారు కూడబెట్టిన డబ్బుతో, ఆడవారి నగలతో అర్పాను, అర అర్పాను చొప్పున కొన్నారు. క్యాంపు విడిచి వచ్చి అక్కడ ఇళ్ళు వేసుకొన్నారు. అమ్మిన భూమి ఎటువంటిది? రాళ్ళు, వాలు, వాగు ఒడ్డు. నేలలోనుండి రాళ్ళు తీసి గుట్టలుగా పేర్చుకొంటే గాని చెరకు పడదు. ఈనాడు యాత్రికులు కారు ఆపి ఫోటోలు తీసుకొనే ఆ నల్లరాళ్ళ గుట్టలు, పెద్ద తోటలలోనివి గాని చిన్న చేలలోనివి గాని, కూలివాని చేతులతో ఒక్కొక్క రాయిగా లేచినవే. గుట్టల ప్రక్క చెరకు నాటడానికి వీలుండదు గనుక మిగిలిన సందే మనిషి నడిచే దారి అయింది. మన కాలిబాటలు చాలావరకు రాళ్ళగుట్టల వెంబడే వంకరలు తిరుగుతూ పోవడానికి కారణమదే.

ఇళ్ళు కదిలాయి గాని అమ్మోరు కదలలేదు. క్యాంపు మొదట వేసినవారు ప్రతిష్ఠ చేసిన తావును విడవడానికి పెద్దలు ఒప్పుకోలేదు. పల్లె ఒకచోట, గుడి తోటవారి భూమిలో మరొకచోట ఉండిపోయినవి ఈ దీవిలో ఎన్నో ఉన్నాయి. ఆ రెండింటినీ కలిపినది కాలిబాట. ఘటం తలమీద పెట్టుకొన్న ఆడవారు ఆ దారినే పోయేవారు. బడికి, మిల్లు పనికి, శవాన్ని మోసుకొని దహనభూమికి కూడా ఆ దారే.

ఇక్కడ న్యాయశాస్త్రం కొంచెం చెప్పక తప్పదు. విసుగనిపించినా పాఠకులు ఓపిక పట్టవలెను, ఎందుకంటే మేము ఓడిపోయినది ఇక్కడే.

ఈ దీవి ఫ్రెంచివారి చేతిలో ఉండగా 1808లో నెపోలియను సివిలు కోడు ఇక్కడ అమలులోకి వచ్చింది. 1810లో ఇంగ్లీషువారు దీవిని గెలుచుకొన్నారు గాని, ఇక్కడి చట్టాలను, ఆచారాలను ఉంచుతామని మాట ఇచ్చారు. అందుచేత భూమి తగవులకు ఈనాటికీ ఆ కోడే ఆధారం. దాని 682వ అధికరణం దయగలదే. నాలుగువైపుల ఇతరుల భూమి ఉండి, బాటకు పోవడానికి త్రోవలేని భూమి గలవాడు నష్టపరిహారం ఇచ్చి పొరుగువాని భూమిమీదుగా దారి అడగవచ్చును. మోర్సెల్మాన్ భూములకు చాలావాటికి ఇది రక్షణ అయింది. కాని అది చుట్టూ మూసుకుపోయిన పొలానికి చెప్పిన మాట. ఇంటి ముందు బాట ఉండి, గుడికి పోవడానికి దారి కావాలన్న పల్లెకు చెప్పినది కాదు.

691వ అధికరణం వేరు. నడిచే హక్కు వ్రాతమూలకంగా రావలసిందేగాని, ఎంతకాలం నడిచినా నడకవల్ల రాదు అని దాని సారాంశం. జ్ఞాపకానికి అందనంత పాత వాడుక అయినా చాలదని స్పష్టంగా చెప్పింది. మన తాత నడిచాడు, ఆయన తాత నడిచాడు అంటే కోర్టు వింటుంది, తల ఊపుతుంది, కాగితం ఎక్కడ అంటుంది. చదువురాని మనిషి, సంతకానికి బదులు వ్రేలిముద్ర వేసిన మనిషి, కాలిబాటకు కాగితం వ్రాయించుకోవాలని ఎలా అనుకుంటాడు? పుంత నుండి వచ్చినవానికి ఆ ఊహే రాదు.

ఈ దీవిని 1810 నుండి 1968 వరకు ఏలిన ఇంగ్లండులోనే ధర్మం ఇందుకు పూర్తిగా ఎదురుగా ఉన్నదని తెలిసినప్పుడు మాకు ఆశ్చర్యం కలిగింది. అక్కడ ప్రజలు అడ్డులేకుండా, దాచుకోకుండా, ఒకరి అనుమతి అడగకుండా ఇరవై ఏళ్ళు నడిచిన దారి ప్రజల దారి అయినట్లే ఎంచవచ్చునని 1932లో చట్టం చేశారు. వద్దని యజమాని ఆ కాలంలో తెలియజేసి ఉంటే మాత్రం వేరు. ఒకే రాజ్యం, ఒకే రాజు. అక్కడి రైతు కాళ్ళు సాక్ష్యం చెప్పగలవు. ఇక్కడి కూలివాని కాళ్ళు చెప్పలేవు.

అక్కడ కూడా ఇది ఊరికే వచ్చినది కాదు. 1555 నాటి చట్టం ప్రకారం అక్కడి ప్రతి పరగణా ప్రజలు ఏడాదికి నాలుగురోజులు కూలిలేకుండా దారులపని చేయవలసి ఉండేది. 1563లో ఆరురోజులు చేశారు. 1835లో గాని ఆ వెట్టి పోలేదు. మన కుడిమరామత్తుకు, కోర్వేకు అది దూరపు చుట్టం అనవచ్చును. పొలాలకు, కొండలకు పెద్ద కామందులు కంచెలు వేయగా, 1826లోనే మాంచెస్టరులో పాత కాలిబాటలను కాపాడుకొనే సంఘం ఏర్పడింది. 1932 ఏప్రిల్ 24న నూలు మిల్లుల ఊళ్ళనుండి వందలమంది కుర్రవాళ్ళు వేటకోసం మూసిపెట్టిన కిండర్ స్కౌట్ అనే కొండమీదికి తెలిసీ తెలిసీ నడిచి వెళ్ళారు. వారిలో బెన్నీ రోత్‌మన్ అనే ఇరవై ఏళ్ళ యువకుడితో సహా ఐదుగురికి జైలుశిక్ష పడింది. 1949లో చట్టం వచ్చి, ప్రతి కౌంటీ తన కాలిబాటలన్నిటినీ పటంమీద ఎక్కించవలెనని నిర్ణయించింది. ఆ పటాలకు సమాచారం ఇచ్చినవారు చాలావరకు గ్రామాలవారే. పాదచారులు, బడిపంతుళ్ళు, రైతులు కలిసి తమ పరగణా దారులను నడిచి చూచి, ఎక్కడ మెట్టు ఉన్నది, ఎక్కడ గేటు ఉన్నది అని వ్రాసి పంపారు. ఇప్పటికీ అక్కడి గ్రామస్థులు సెలవునాడు కత్తెరలు, సుత్తులు పట్టుకొని పోయి తుప్పలు కొట్టి, విరిగిన మెట్లు బాగుచేసి, దారి గుర్తులు నాటుతారు.

అయినా పటానికి ఎక్కని పాత దారులు అక్కడ వేలు మిగిలిపోయాయి. 2000 నాటి చట్టం వాటికి 2026 జనవరి 1 వరకు గడువు పెట్టింది. ఆ గడువును తరువాత 2031కి జరిపారు. అసలు గడువునే తీసివేస్తామని 2024 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. నడకను సాక్ష్యంగా ఒప్పుకొనే దేశంలోనే వ్రాత కోసం ఇంత హడావిడి ఉన్నప్పుడు, నడకను ఒప్పుకోని మన దీవిలో వ్రాయకుండా కూర్చోవడం మనకు తగునా?

నడక ఊరికే పోదని చూపే నిదర్శనం మన కళ్ళముందే ఒకటి ఉన్నది. అడవుల నడుమ ఉన్న గ్రాంబాసాం సరస్సుకు 1898లో త్రియోలే గ్రామంనుండి ఝుమ్మన్ గిరి గోసాయి వెంట కొందరు కాలినడకన వెళ్ళారు. అది ఆనాడు పరీతాలావు. రోడ్డు లేదు, సత్రం లేదు. తరువాత ఏటేటా శివరాత్రికి నడిచినవారే దారిని దారి చేశారు. 1972లో గంగాజలం తెచ్చి కలిపి గంగాతలావు అన్నారు. ఇప్పుడు శివరాత్రికి అక్కడికి పోయే రోడ్డు వెడల్పు చూస్తే మొదట నడిచినవారు నమ్మరు. హిందీవారు, తెలుగువారు, తమిళులు, మరాఠీలు అందరూ నడుస్తారు. ఏ పల్లె మీదుగా పోయినా ఆ పల్లెవారు పందిరి వేసి మంచినీళ్ళు, పండ్లు, భోజనం పెడతారు. అడవిదారి రాజమార్గం కావడానికి భక్తి కారణమే గాని, లక్షలమంది నడుస్తున్నప్పుడు ఏ ప్రభుత్వమైనా కాదనలేదన్నది కూడా కారణమే. మా అమ్మోరు దారిలో లక్షలమంది లేరు. నలభై ఇళ్ళవారు ఉన్నారు.

సముద్రం సంగతి కూడా ఒక మాట. ఫ్రెంచివారి కాలంనుండి తీరం వెంబడి ఏబది అంగల వెడల్పు నేల, అనగా 81 మీటర్ల 21 సెంటీమీటర్లు, సర్కారుదిగా ఉంచబడింది. దానిని పా జెయోమెత్రిక్ అంటారు, 1895 నాటి చట్టం దానికి ఉన్నది. సర్కారు ఆ నేలను బంగళాలకు, తరువాత హోటళ్ళకు కౌలుకు ఇస్తూ వచ్చింది. అల తగిలే ఇసుక అందరిదీ. కాని ఇసుక దగ్గరకు పోయే సందు ఎవరిది? కార్తిక పున్నమినాడు స్నానానికి పోయే ముసలివారిని అడిగితే, చిన్నప్పుడు దిగిన రేవు ఏ గోడ వెనుక ఉన్నదో చూపిస్తారు. ప్రజల బీచులని ప్రకటించినవి ఉన్నాయి గనుక స్నానం ఆగలేదు. పాత రేవులు మాత్రం పోయాయి.

రైలు కట్టల కథ దీనికి భిన్నం. 1864లో మొదలైన రైలు 1956లో ప్రయాణికులకు, 1964లో సరకులకు కూడా ఆగిపోయింది. పట్టాలు తీసివేసిన కట్టలు కొన్నిచోట్ల ఎవరూ ఆజ్ఞ ఇవ్వకుండానే నడకదారులయ్యాయి, కొన్ని చక్కని విహారమార్గాలయ్యాయి. 2019లో మొదలైన మెట్రో చాలాచోట్ల ఆ పాత కట్టనే పట్టుకొని పోయింది. అది సర్కారు భూమి గనుకనే అన్నేళ్ళు దారిగా మిగిలి, మళ్ళీ రైలుకు పనికివచ్చింది. నేల ఎవరి పేరున ఉన్నదన్న మాటకే మళ్ళీ వచ్చాము.

ఇక మా దారి. 1975 ఫిబ్రవరిలో జెర్వేజ్ తుఫాను వచ్చినప్పుడు వాగు పొంగి అడుగురాళ్ళన్నీ కొట్టుకుపోయాయి. ఇళ్ళ కప్పులే లేని సమయంలో దారి మాట ఎవరు ఎత్తుతారు అనుకోవచ్చును. కాని ఆరువారాల లోపున మా పెద్దలు వాగుమీద పాత ఇనుప పట్టాలు రెండు వేసి, పైన చెక్కలు బిగించి చిన్న వంతెన కట్టారు. ఆ పట్టాలు తోటవారే ఇచ్చారు. వారి బండిలోనే వచ్చాయి. ఇది చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆనాటి తోటవారికి మా దారి అడ్డం కాదు. వారి కూలీలు కూడా అందులోనే పనికి వచ్చేవారు. ‘కుద్‌మే’ అని పిలిస్తే క్రియోలు ఇంటివారు, ముసల్మాను దుకాణందారు కొడుకులు కూడా వచ్చారు. కుద్‌మే అంటే చేయి వేయడం. వంతెన అమ్మోరిదీ కాదు, తెలుగువారిదీ కాదు, వాగు దాటవలసిన వారందరిదీ.

మార్పు చక్కెరతో వచ్చింది. యూరపు మన చక్కెరకు ఇచ్చే ధరను 2006 తరువాత మెట్లు మెట్లుగా 36 శాతం తగ్గించింది. మిల్లులు మూతబడి చివరకు మూడు మిగిలాయి. విదేశీయులకు విల్లాలు అమ్మే పథకానికి 2002లోనే తలుపు తెరచి ఉన్నది. చెరకు పండించడంకన్నా భూమి అమ్మడం లాభమైనప్పుడు యజమాని ఏమి చేస్తాడో వేరే చెప్పనక్కరలేదు. మా పల్లె వెనుక తోట చేతులు మారింది. ఒకరోజు దారికి అడ్డంగా గొలుసు వచ్చింది. కొన్ని నెలలకు గొలుసు గేటు అయింది. గేటు దగ్గర కాపలావాడు మా ఊరివాడే. తలవంచుకొని, పెద్దమ్మా, నన్ను ఏమీ అనకండి అన్నాడు. ఘటం ఎత్తుకొన్నవారు ఆ ఏడు తారురోడ్డు మీదుగా, కార్ల నడుమ, రెండు మైళ్ళకు పైగా చుట్టు తిరిగి గుడికి చేరారు.

సభ చేశాము. కోపంగా మాట్లాడినవారు ఉన్నారు, గేటు పీకుదామన్నవారు ఉన్నారు. ఒక వకీలు దగ్గరకు పోగా ఆయన పైన చెప్పిన రెండు అధికరణాలు చదివి వినిపించాడు. వందేళ్ళుగా నడుస్తున్నామండీ అంటే, నడిచారని నేను నమ్ముతాను, వ్రాసినది తీసుకురండి అన్నాడు. వ్రాసినది ఎక్కడ ఉంటుంది? పండుగ లెక్కల పుస్తకాలు వెదికాము. వాటిలో బియ్యం, బెల్లం, డప్పువారికి ఇచ్చినది ఉన్నవి. దారి లేదు. గ్రామ సంఘం దగ్గర పటమేదైనా ఉంటుందేమోనని అడిగాము. వీథిదీపాల పటం ఉన్నది, కాలిబాట లేదు.

చివరకు దొరికినది ఒక రేకుపెట్టెలో. పల్లె క్రింది కొసన ఉండే కుటుంబంలో ఎనభై దాటిన అవ్వ, తన మామగారి కాగితాలు పెండ్లినాటి చీరక్రింద దాచి ఉంచింది. అందులో వారి తాత భూమి కొన్న దస్తావేజు ఉన్నది. నోటరీ వ్రాసిన ఫ్రెంచి, పసుపుపచ్చనైన కాగితం, చివర వ్రేలిముద్ర. హద్దులు చెప్పేచోట, ఒకప్రక్క అమ్మకందారు భూమిలో వాగువరకు పోయే ఆరడుగుల ఉమ్మడి దారి, కొన్నవారు వారి వారసులు వాడుకొనుటకు అని స్పష్టంగా ఉన్నది. అవ్వకు ఫ్రెంచి రాదు. మా ఇంటిలో ఎవరికీ రాదు, అందుకే పారవేయలేదు అన్నది.

అదే మోర్సెల్మానులో కొన్న మరి పదకొండు ఇళ్ళవారు తమ కాగితాలు వెదకగా నాలుగింటిలో అదే వాక్యం దొరికింది. మిగిలినవి తుఫానులలో తడిసిపోయాయో, పంపకాలలో పోయాయో. ఐదు చాలునని వకీలు అన్నాడు. చాలింది కూడా, సగానికి. దస్తావేజు వాగువరకే చెప్పింది. వాగు అవతల, గుడివైపు, పాత క్యాంపు భూమి. అది ఎవరికీ అమ్మినది కాదు గనుక దానికి దస్తావేజే లేదు. కొత్త యజమానులు వ్రాతను గౌరవించి పల్లెనుండి వాగువరకు గొలుసు తీసివేశారు. వంతెనకు అవతలి కొసన గేటు ఉండిపోయింది. పండుగ మూడురోజులు తెరుస్తామని ఉత్తరం ఇచ్చారు. ఆ ఉత్తరం అనుమతి, హక్కు కాదు. ఏటికేడు అడగవలసిందే.

దీనిని గెలుపు అనాలా, ఓటమి అనాలా అన్నదానిమీద మాలో ఇంకా వాదం ఉన్నది. పడుచువారు ఓటమి అంటారు. అవ్వను అడిగితే, మా మామ కొన్నంతవరకు మిగిలింది, కొననిది ఎలా మిగులుతుంది అన్నది. ఆమె మాటను మేము పూర్తిగా ఒప్పుకోలేదు. కొన్నవాడి చెమట ఒక్కటే అక్కడ లేదు గదా. వాగు అవతలి భూమిలోని రాళ్ళగుట్టలు పేర్చినవారికి ఏ దస్తావేజూ లేదు.

ఇప్పుడు మా దగ్గర ఒక పుస్తకం ఉన్నది. పల్లెచుట్టూ ఉన్న తొమ్మిది కాలిబాటలను పడుచువారు కొలిచి, ఏ దారి ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో, ఎవరు ఏ పనికి నడిచేవారో ముసలివారిని అడిగి వ్రాశారు. ఏ దారికి ఏ ఇంటి దస్తావేజులో ఏ వాక్యం ఉన్నదో ప్రక్కన ఎక్కించారు. నాలుగు దారులకు వాక్యం దొరికింది, ఐదింటికి ఇంకా దొరకలేదు. దారుల పేర్లు వ్రాసేచోట ఒక తగవు వచ్చింది. ఒకడు తి సిమే అని వ్రాశాడు. అవ్వను అడగండి అన్నాము. ఆమె కాసేపు ఆలోచించి, మా అత్త దీనిని పుంత అనేది, అన్నది.

ఈ ఏడు అమ్మోరు పండుగకు ముందు ఆదివారం ముప్పదిమంది వచ్చారు. వాగువరకు తుప్పలు కొట్టి, వంతెన చెక్కలు నాలుగు మార్చాము. అవతలి గేటు దగ్గర గడ్డి మోకాలెత్తు పెరిగి ఉన్నది. ఇవతలనుండి చేయి చాపి అందినంతవరకు కోశారు.